హీటెడ్ నీలం ఉంగరం: రాయి తియ్యకుండా సైజు పెంచవచ్చా?

చిక్‌పేట_ఉంగరం: 4 క్యారెట్ల రాయల్ బ్లూ నీలం, బంగారు ఉంగరం. ధర మరీ తక్కువ. బిల్లులో "హీటెడ్/ట్రీటెడ్" అని ఉంది, ల్యాబ్ రిపోర్టు లేదు. సైజు పెంచాలంటే మాటు వెయ్యాలి. మంట తగిలితే రంగు పోతుందా?

లూప్10ఎక్స్: హీటెడ్ వేరు, ట్రీటెడ్ వేరు. రెండూ కలిపి రాశారంటేనే అనుమానించండి.

మామూలు హీటింగులో 1600 నుంచి 1800 డిగ్రీల దాకా కాలుస్తారు. లోపలి రూటైల్ (టైటానియం ఉన్న ఖనిజం) సూదులు కరిగి, వాటిలోని టైటానియం ఇనుముతో జతపడి నీలం తేలుతుంది. శ్రీలంక గ్యూడా, అంటే పాలరంగు రాళ్లు, నీలాలయ్యేది ఇలాగే. ఆ రంగు పోదు.

భయమంతా కోబాల్ట్ సీసపు గాజు నింపిన రాళ్లతోనే. ఒళ్లంతా పగుళ్లున్న చవక కోరండం (నీలం ఈ ఖనిజమే) లోకి నీలి గాజు ఎక్కిస్తారు. టార్చ్ మంటకు ఆ గాజు కరుగుతుంది. మాటు వేశాక శుభ్రం చేసే పికిల్ ఆసిడ్‌లో పడితే పగుళ్లు తెల్లగా బయటపడతాయి. నిమ్మరసం చాలు దాన్ని పాడుచెయ్యడానికి. లూప్‌తో (భూతద్దంతో) చూడండి: నీలిరంగంతా పగుళ్ల వెంట గీతలుగా చేరి మధ్యలో రాయి వెలవెలబోతున్నా, గుండ్రటి గాలి బుడగలున్నా గాజే.

సానరాయి: చెల్సియా ఫిల్టర్‌లో (రాళ్లను పరీక్షించే రంగు అద్దం) కోబాల్ట్ ఎర్రగా కనిపిస్తుంది గానీ అదొక్కటే నమ్మకండి. కాస్త క్రోమియం ఉన్న అసలు నీలం కూడా ఎర్రబారుతుంది.

టైటానియం డిఫ్యూజన్ (వేడితో టైటానియాన్ని రాయిలోకి ఎక్కించడం) మరో రకం, రంగు పైపొరలోనే ఉంటుంది. మిథిలీన్ అయొడైడ్ అనే ద్రవంలో ముంచితే చెక్కిన ముఖాల అంచులు ముదురుగా తేలతాయి. గీత పడిందని మళ్లీ సాన పట్టిస్తే అక్కడ రంగు లేచిపోతుంది.

ముందసలు అది నీలమేనా? రాయి కాంతిని ఎంత వంచుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.762–1.770 రావాలి. 1.69 దగ్గరుంటే టాంజనైట్ అనే వేరే నీలి రాయి, హఠాత్తు వేడికి పగులుతుంది. 1.62 అయితే బ్లూ టోపాజ్. తెల్ల టోపాజ్‌కి రేడియేషన్ పెట్టి తెచ్చిన రంగది.

లూప్10ఎక్స్: అవును, డిఫ్యూజన్ సంగతి మరిచాను. ల్యాబ్‌కి ఇస్తే రిపోర్టులో "హీట్" తర్వాత గాజు, డిఫ్యూజన్ లాంటివేమైనా రాశారేమో చదవండి.

మాటు_మంట: రిపోర్టు ఏం చెప్పినా రాయి తీయించండి. అసలు నీలానికైనా మాటుకు వాడే వెలిగారం అంటుకుని మంట తగిలితే పాలిష్ తినేసి పైభాగం గరుకవుతుంది. వేడి మీద నీళ్లలో ముంచితే పగులు. తియ్యడం కుదరని సెట్టింగయితే లేజర్ వెల్డింగ్ ఉన్నవాళ్ల దగ్గర చేయించండి, వేడి అతుకు దాటి పెద్దగా పాకదు.