అప్‌డేట్: కారుకి వ్యాక్స్ పూయడానికి ఫోమ్ ప్యాడా, మైక్రోఫైబర్ ప్యాడా?

కారు పెయింట్ మీద పూసే పేస్ట్ వ్యాక్స్‌కీ (ముద్దగా ఉండే మైనం), లిక్విడ్ సీలెంట్‌కీ (పెయింట్‌ను కాపాడే ద్రవ పూత) ఒకే ప్యాడ్ సరిపోతుందా, ఫోమ్ మంచిదా మైక్రోఫైబర్ (సన్నటి పోగుల గుడ్డ) మంచిదా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. రెండూ వాడి చూశాను.

నా ఓటు ఫోమ్‌కే. మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో పూత పల్చగా, సమంగా వస్తుంది. మైక్రోఫైబర్ ప్యాడ్ సీలెంట్‌ను బాగా పీల్చేసుకుంటోంది, పెయింట్ మీదకి వచ్చేది తక్కువ. డబ్బాలో సరుకు ఎక్కడికి పోతోందో అర్థం కాదు! పేస్ట్ వ్యాక్స్‌కి మాత్రం ఎవరో చెప్పినట్టు ఫోమ్‌ను కాస్త తడిపి గట్టిగా పిండి వాడితే చాలా తేలిగ్గా పరుచుకుంది. సీలెంట్‌కి అలా తడపలేదు. బాటిల్ మీద పొడి ప్యాడే వాడమని ఉంది.

అన్నిటికన్నా పనికొచ్చిన సలహా ప్యాడ్ మీద తక్కువ వేసుకోమన్నది. శనగగింజంత చుక్కలు రెండు మూడు వేస్తే ఒక డోర్‌కి సరిపోయింది. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడవడానికి చేతులు నొప్పి పుడతాయి, అంతే. నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడే చేశాను. నల్ల ప్లాస్టిక్ ట్రిమ్‌ల (అంచు పట్టీల) దగ్గరకి ప్యాడ్ పోనివ్వలేదు, అక్కడ తెల్ల మరకలు పడితే ఒక పట్టాన వదలవు.

ఇప్పుడు వ్యాక్స్‌కి ఒకటి, సీలెంట్‌కి ఒకటి విడిగా పెట్టుకున్నాను. గోరువెచ్చని సబ్బు నీళ్లలో చేత్తోనే ఉతికి, ఆరాక మూత ఉన్న డబ్బాలో పెడుతున్నాను. ప్యాడ్ కింద పడితే మాత్రం దులిపి వాడే పని లేదు, ఒక్క ఇసుక రేణువు చాలు గీతలు పడటానికి. అందుకే స్పేర్ ప్యాడ్ పక్కనే ఉంచుకుంటున్నాను.