అందరూ మంచిదే అంటారు, మీటింగ్‌లో మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఎందుకిలా?

ప్రశ్న:
మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేద్దామని అడిగాను. ఒక్కరూ మాట్లాడలేదు. "ఎవరికీ ఇష్టం ఉన్నట్టు లేదు" అని అధ్యక్షులు ఆ విషయం పక్కన పెట్టేశారు. తీరా మీటింగ్ అయ్యాక లిఫ్టులో ఒకరు, పార్కింగ్‌లో ఇంకొకరు "మంచి పనేనండీ, కానీ మిగతావాళ్లు ఒప్పుకోరుగా" అన్నారు. జనానికి పర్యావరణం అంటే నిజంగా పట్టింపు ఉందా, లేక పైపై మాటలేనా?

జవాబు 1:
సామాజిక మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ని. మీరు లిఫ్టులో విన్న మాటలోనే చిక్కంతా ఉంది. "నాకిష్టమే, మిగతావాళ్లకే లేదు" అని ఎవరికి వారు అనుకుంటే, అందరికీ ఇష్టమైన పని కూడా ఆగిపోతుంది. పక్కవాడి మౌనాన్ని మనం వ్యతిరేకత అనుకుంటాం, మన మౌనాన్ని వాడూ అలాగే అనుకుంటాడు.

నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో 2024లో ఒక సర్వే వచ్చింది. 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగారు. భూతాపాన్ని అడ్డుకోవడానికి నెల ఆదాయంలో 1 శాతం ఇస్తామన్నవాళ్లు 69 శాతం. మీ దేశంలో ఎంతమంది ఇస్తారని అడిగితే, సగటున వచ్చిన అంచనా 43 శాతమే. ఆ తేడా చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మన పక్కనే ఉన్న మద్దతు మనకు కనబడటం లేదు.

జవాబు 2:
సర్వేలో "ఇస్తాను" అనడానికి ఏం పోయింది? చేతిలో రెండు బుట్టలు పెట్టి చూడండి, అసలు రంగు బయటపడుతుంది.

జవాబు 1:
మాటకీ చేతకీ మధ్య దూరం ఉందండీ, కాదనను. కానీ చేత మొదలయ్యాక మనసు మారడం కూడా ఉంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నగరంలోకి వచ్చే కార్ల మీద రుసుము పెడతామన్నప్పుడు ఎక్కువమంది వద్దన్నారు. 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంగా వసూలు చేశారు. రోడ్ల మీద రద్దీ తగ్గడం జనం కళ్లారా చూశారు. సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో సగానికి పైగా కొనసాగించమన్నారు. కాబట్టి ముందు చెప్పిన "వద్దు"ని ఆఖరి మాట అనుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇప్పుడు నేనేం చేయాలి? "మన దగ్గర ఎవరూ చెత్త వేరు చేయట్లేదు" అని నోటీసు అంటిద్దామనుకుంటున్నా.

జవాబు 1:
ఆ నోటీసు మాత్రం వద్దు. అమెరికాలోని అరిజోనాలో, పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సియాల్డినీ బృందం ఇదే పరీక్షించింది. "చాలామంది ఇక్కడి చెట్ల శిలాజాలు ఎత్తుకెళ్లారు" అని బోర్డు పెట్టిన చోట, గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. "తీసుకెళ్లకండి" అని మాత్రమే రాసిన చోట 2 శాతం కూడా పోలేదు. ఎవరూ చేయట్లేదని చాటితే, చేయకపోవడమే మామూలని మనమే చెప్పినట్టవుతుంది.

మీటింగ్‌కి ముందే ఇంటింటికీ ఒక చీటీ ఇవ్వండి: "మీకు ఇష్టమేనా? మిగతావాళ్లలో ఎంతమందికి ఇష్టం అనుకుంటున్నారు?" రెండు లెక్కలూ పక్కపక్కనే బోర్డు మీద పెట్టండి. రెండు నెలలు ప్రయోగంగా చేసి మళ్లీ ఓటు పెడదామని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చీటీ మీద ఫ్లాట్ నంబరు రాయించాలా?

జవాబు 1:
వద్దండీ. పేరూ నంబరూ లేకపోతేనే ఉన్నమాట రాస్తారు.