మొరాకోలో ఫొటోకి డబ్బులు అడిగితే ఇవ్వాలా, వద్దా?

సంచారి:
వచ్చే నెల మరాకేష్, ఫెస్, మెర్జూగా తిరిగొద్దామని ప్లాన్ చేస్తున్నాం. మరాకేష్‌లోని జెమా ఎల్‌ఫ్నా మైదానంలో కెమెరా ఎత్తితే చాలు, డబ్బులు అడుగుతారట. నలుగురూ తిరిగే చోటే కదా, ఎందుకివ్వాలి?

కెమెరా కన్ను:
ఇవ్వొద్దనే నా మాట. డబ్బులిస్తే మనిషి బిగుసుకుపోయి పోజు పెడతాడు, ఫొటోలో ప్రాణం ఉండదు. పెద్ద లెన్స్ తగిలించి పక్కనే ఉన్న ఏదో ఒక కేఫ్ డాబా మీద కూర్చోండి. ఎవరికీ ఇబ్బంది లేదు.

గోదారి గట్టు:
ఇబ్బంది లేదని మనమెలా తేల్చేస్తామండీ? అక్కడ ఎర్ర బట్టలు, కుచ్చుల టోపీ, మెడలో ఇత్తడి గిన్నెలతో గంట వాయిస్తూ తిరిగేవాళ్లని గెర్రాబ్‌లంటారు. ఒకప్పుడు తోలుతిత్తిలో నీళ్లు మోసుకొచ్చి అమ్మేవాళ్లు. ఇప్పుడు ఫొటోలే వాళ్లకి కూడు పెడుతున్నాయి. గంగిరెద్దులాయన వాకిట్లో సన్నాయి ఊదితే, చూసినంతసేపు చూసి తలుపేసుకుంటామా? యునెస్కో 2008లో ఈ మైదానాన్ని అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది గోడలు చూసి కాదు, అక్కడ కథలు చెప్పేవాళ్లనీ పాడేవాళ్లనీ చూసి. చుట్టూ మూగిన జనం వేసే చిల్లరే మొదట్నుంచీ వాళ్ల సంపాదన.

అందుకే కెమెరా బయటికి తీయకముందే "బ్ష్‌హాల్?" అంటే ఎంత అని అడిగేయండి. పదో ఇరవయ్యో దిర్హమ్‌ల దగ్గర తెగుతుంది. దిర్హమ్ అంటే మన 9, 10 రూపాయలు. తీశాక బేరమాడితేనే గొడవ.

గొలుసు కట్టిన కోతిని భుజమ్మీద ఎక్కించేవాళ్లకి మాత్రం పైసా ఇవ్వకండి, ఫొటో కూడా తీయకండి. అవి అంతరించిపోతున్న బార్బరీ కోతులు. కోతి పిల్లల్ని అట్లాస్ కొండల అడవుల్లోంచి దొంగతనంగా పట్టుకొస్తారు. అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపడానికి 2016లో వాటిని సైటీస్ అనే వన్యప్రాణుల వ్యాపార ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చారు. మన డబ్బు ఆ గొలుసుకే పోతుంది.

సంచారి:
మరి ఫెస్‌లో తోళ్లు శుద్ధి చేసే చువారా సంగతి? డ్రోన్ ఎగరేస్తే ఆ రంగుల తొట్లు భలే వస్తాయనుకున్నా.

కెమెరా కన్ను:
డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. అనుమతి లేకుండా తెస్తే కస్టమ్స్‌లోనే ఆపేస్తారు. చువారాకి అదేమీ అక్కర్లేదు కూడా. తోలు దుకాణాలవాళ్లే వాసనకి ఆగలేమని చేతిలో పుదీనా పెట్టి డాబా ఎక్కిస్తారు. అక్కణ్ణుంచి తీయడానికి ఇంకెవరిని అడగాలి?

గోదారి గట్టు:
తొట్లు తీయండి, నాకూ అభ్యంతరం లేదు. కానీ సున్నం, పావురాల రెట్ట కలిపిన నీళ్లలోకి దిగి పచ్చితోళ్లు తొక్కుతున్న మనిషి ముఖాన్ని పైనుంచి జూమ్ చేయడం నాకు అస్సలు మింగుడుపడదు. డాబా మీద మనమిచ్చే డబ్బు దుకాణం గల్లాలోకే వెళ్తుంది. కిందున్నాయన్ని ఎవరూ ఒక్క మాట అడగరు. ఆ ముఖమే కావాలంటే గైడుని తీసుకుని కిందికి దిగి అడగండి. వద్దంటే వదిలేయండి.

కెమెరా కన్ను:
జూమ్ సంగతి ఒప్పుకుంటున్నా, కోతుల సంగతి కూడా. కానీ బేరమాడాక వచ్చేది పోజు ఫొటోనే, ఆ మాట మీదే ఉన్నాను.

గోదారి గట్టు:
గెర్రాబ్‌కి డబ్బులిచ్చి రెండు పోజు ఫొటోలు తీసుకున్నాక వెంటనే వెళ్లిపోకుండా కాసేపు అక్కడే నిలబడండి. ఇంకో టూరిస్టు బృందం కనపడగానే ఆయన గంట వాయించుకుంటూ తన పనిలో పడతాడు. అప్పుడు ఇంకొకటి తీసుకోవచ్చా అని సైగ చేయండి. సరేనంటే మీరు కోరుకునే ఫొటో అక్కడే దొరుకుతుంది.