కలివికోడి బొమ్మలో బిందె కుదరడం లేదు, సలహా చెప్పండి

ప్రశ్న (పెరంబూరు, చెన్నై):
మాది బద్వేలు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. పాతకాలపు పక్షిశాస్త్ర పుస్తకాల తీరులో కలివికోడిని నీటిరంగుల్లో వేస్తున్నాను: తెల్ల కాగితం, పక్కనుంచి కనిపించే పిట్ట, కింద దస్తూరితో పేరు. ఇంగ్లీషులో దీన్ని మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేసిన జెర్డన్ పేరుతో పిలుస్తారు, శాస్త్రలోకానికి తెలిసింది 1848లో. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో మా కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది.

మద్రాసుకు వచ్చే కృష్ణా నీళ్లు తెలుగుగంగ నీళ్లే. 2005లో ఆ పథకం కాలువ తవ్వకం లంకమల చిట్టడవిలోకి, ఈ పిట్ట తిరిగే చోటికే వచ్చింది. తర్వాత దారి మార్చారు. నా ఇంట్లో తాగే నీళ్లకీ ఆ పిట్టకీ ఉన్న ఈ లంకె బొమ్మలో కనబడాలి. అందుకే పిట్టని ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె అంచు మీద నిలబెట్టాను. గోడమీద ప్రచారబొమ్మలా వచ్చింది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు (జయనగర్, బెంగళూరు):
అన్నా, కలివికోడి నేలమీద పరుగెత్తే పిట్ట. అది బిందె అంచెక్కదు. నీ బొమ్మ అబద్ధమైంది అక్కడే. నువ్వు చెప్పదలిచింది పిట్ట అలవాట్లలోంచే రావాలి. బిందెను నేలమీద పడుకోబెట్టు, పిట్ట దాన్ని చూసి ఆగిపోయినట్టు వెయ్యి. రాత్రి తిరిగే పిట్ట కాబట్టి కళ్లు పెద్దవి, ఆ కళ్లే చెప్తాయి. అసలు కొలతలోనే వెయ్యి, 27 సెంటీమీటర్లే కదా. అమెరికా పక్షి చిత్రకారుడు ఆడుబాన్ అన్ని పక్షుల్నీ అసలు కొలతలోనే వేశాడు, రాజహంస (ఫ్లెమింగో) కాగితంలో పట్టక మెడ కిందికి వంచాడు. ఆ వంపే బొమ్మకి అందం. అదే తీరులో వేసే ఇప్పటి చిత్రకారుడు వాల్టన్ ఫోర్డ్ బొమ్మలు కూడా చూడు, అంచుల్లో పాతకాలపు దస్తూరితో రాతలు ఉంటాయి. కాలువ సంగతి అలా రాసుకోవచ్చు.

జవాబు (మైలాపూరు):
బాబూ, పేరు తెలుగులో ముందు రాయి, లాటిన్ కింద. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమండల్ పాముల పుస్తకం అచ్చువేసినప్పుడు మన పేర్లే వాడాడు. 'కాటుకరేకుల పొడ' (రక్తపింజర) అందులోదే. దొర రాశాడు, మనం రాయకపోతే ఎలా?

ప్రశ్నించినవారు:
నేలమీద పరుగెత్తే పిట్ట అన్న మాట తగిలింది, ఊరివాణ్ణయి ఉండి నేనే మరిచాను. బిందె పడుకోబెట్టాను. మూతి దగ్గర తడి మరక, దాని అంచున పిట్ట కాళ్లు. రొమ్ము మీద రెండు పట్టీలూ బాగా కుదిరాయి, కంటికింకా రెండు పూతలు పడాలి. పేరు తెలుగులోనే ముందు రాశాను పెద్దాయనా.