ఊరి నూతికి ఎగువన వాటర్ సర్వీసింగ్ షెడ్డు, ఆపే రూల్ ఏమైనా ఉందా?

నూతిగట్టు (పెందుర్తి): మా వీధి మొగలో పంచాయతీ నుయ్యి ఉంది, కుళాయి రాని రోజు వీధంతా దాని మీదే. దానికి నలభై అడుగుల ఎగువన ఒకాయన లారీలు కడిగే షెడ్డు పెట్టి, బాత్రూముకి ఇంకుడు గొయ్యి తవ్వేసి, ఇప్పుడు బోరు కూడా వేయిస్తానంటున్నాడు. అడిగితే నా జాగా నా ఇష్టం అంటాడు. నిన్న పొద్దున్న చేద తోడితే నీళ్ల మీద డీజిల్ తెట్టు, రంగురంగులుగా. ఏం చేయాలి?

రిగ్గు మామ: బోరుకి బ్రేక్ వేయొచ్చు తమ్ముడూ. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు పర్మిషన్ లేకుండా బోరు వేయకూడదు. బోరు వేసే రిగ్గు బండి వాళ్లకి ఇది బాగా తెలుసు, అందుకే రాత్రిపూట దింపుతారు. బండి రాకముందే తహసీల్దారుకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకో.

గెడ్డ ఒడ్డు: మామా, బోరు ఆగినా డీజిల్ ఆగదు కదా. ఆ 250 మీటర్లు మన నీళ్లు పక్కోడు లాగేసుకోకుండా పెట్టినవి. మురికి సంగతికి అదే చట్టంలో భూగర్భజలాన్ని పాడు చేయకూడదని వేరే సెక్షన్ ఉంది, అర్జీలో అదీ రాయండి. ఇంకుడు గొయ్యికైతే ఐఎస్ 2470 అని భారతీయ ప్రమాణం, తాగే నూతికి 18 మీటర్ల దూరం ఉండాలి. మీ నలభై అడుగులంటే పన్నెండే. ఇంగ్లండులో మీటర్లతో పాటు రోజులు కూడా లెక్కేస్తారు, నేలలో పడ్డ నీరు బావికి చేరడానికి 50 రోజుల్లోపు పట్టే మేరంతా మొదటి రక్షణ జోన్, అంతకన్నా దూరం నుంచి వచ్చేలోగా క్రిములు చాలావరకు చచ్చిపోతాయని. డీజిల్‌కి చావు లేదనుకోండి. పైగా మన కొండల కింద రాతి పగుళ్లలో నీరు ఎటు పరిగెడుతుందో పైనుంచి కనబడదు.

ఆరిలోవ అక్క: మా దగ్గర గొయ్యి గొడవే. ఎన్ని కాగితాలిచ్చినా కదల్లేదు. నీటి పరీక్ష సీసాలో (మలం క్రిములుంటే నల్లబడేది) పోసి ఉంచితే మర్నాటికి బొగ్గులా నల్లబడింది, అది తీసుకెళ్లి టేబుల్ మీద పెడితే అప్పుడు లేచారు. డీజిల్ ఉందో లేదో మాత్రం అందులో తెలియదమ్మా, దానికి ల్యాబ్‌కే ఇవ్వాలి.

నూతిగట్టు: టేపు పెట్టి కొలిచాం, పదకొండున్నర మీటర్లు. సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్తున్నాం, సీసా కూడా పట్టుకెళ్తాం అక్కా.