వానాకాలంలో ఇసుక, సిమెంట్ రాక పని ఆగిపోకుండా ముందే ఏ ఏర్పాట్లు చేసుకోవాలి?

ప్రశ్న – కాంట్రాక్టర్, హన్మకొండ

నేను హన్మకొండ చుట్టుపక్కల ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు కడుతుంటాను. మాకు దొడ్డు ఇసుక ఎక్కువగా గోదావరి రీచ్‌ల (నదిలో ఇసుక తవ్వే చోట్ల) నుంచి భూపాలపల్లి, పరకాల మీదుగా లారీల్లో వస్తుంది. వరద మొదలైతే రీచ్‌లు మూతపడి ధర పెరుగుతుంది. స్లాబ్‌కు సెంట్రింగ్ (కాంక్రీటును మోసే తాత్కాలిక పలకలు, ఆధారాలు) కొట్టి, కడ్డీ కట్టి, ఇసుక కోసం ఎదురుచూసినన్ని రోజులూ అద్దె నా మీదే పడుతుంది. 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైల్వే కట్ట కొట్టుకుపోయి విజయవాడ వైపు రైళ్లు ఆగిపోయినప్పటి నుంచి స్టీలు, సిమెంట్ విషయంలోనూ భయం పట్టుకుంది. నదిని ఇంకా తోడించకుండా, పని ఆగకుండా ఉండే మార్గం తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – స్ట్రక్చరల్ ఇంజినీర్, వరంగల్

అయ్యా, నిల్వ పెంచడం కన్నా ముందు రెండో మిక్స్ డిజైన్ (నది ఇసుకకు బదులు రాతి ఇసుకతో కాంక్రీటు పాళ్ల లెక్క) సిద్ధం చేసుకోండి. చాలామంది ఇసుక దొరకని రోజున క్రషర్‌కు పరుగెత్తి, ఏది ఇస్తే అది తెచ్చి పోసేస్తారు. క్రషర్ డస్ట్ వేరు, కాంక్రీటు కోసం రాయిని పొడి చేసి తయారుచేసిన ఎం-శాండ్ వేరు. భారతీయ ప్రమాణం ఐఎస్ 383 (2016) ప్రకారం 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి రాతి ఇసుకలో 15 శాతం మించకూడదు. మించితే నీరు ఎక్కువ అడుగుతుంది, మేస్త్రీ అడిగినంతా పోస్తాడు, బలం పడిపోతుంది. అందుకే ఎండాకాలంలోనే రెండు క్రషర్ల నుంచి నమూనాలు తెచ్చి, జల్లెడ పరీక్ష చేయించి, కాంక్రీటు ఘనాలు (బలం పరీక్షకు పోసే దిమ్మలు) పోసి, 28 రోజుల ఫలితం వచ్చాక డిజైనర్ ఆమోదం తీసుకోండి. ఆ కాగితం చేతిలో లేనంతవరకు ప్రత్యామ్నాయం ఉందని అనుకోవద్దు.

జవాబు – ఇటుకల తయారీదారు, పెద్దపల్లి జిల్లా

గోడల విషయంలో మన ప్రాంతానికి గొప్ప వెసులుబాటు ఉంది. రామగుండం, చెల్పూరు థర్మల్ కేంద్రాల బూడిద దగ్గరలోనే దొరుకుతుంది కాబట్టి దానితోనే ఇటుకలు చేస్తాం, చెరువు మట్టి తవ్వి కాల్చనవసరం లేదు. అయితే వానల్లో మా యార్డుల్లోనూ తయారీ తగ్గుతుంది, కనుక మే నెలలోనే తీసిపెట్టుకోండి. క్యూరింగ్ (తడిపి గట్టిపడనివ్వడం) పూర్తికాని ఇటుక అంచును గోటితో గీకితే రాలుతుంది. అటువంటి లోడును దించుకోకండి. ఇంకొక మాట: కొరత వచ్చినప్పుడు ఉన్న కొద్ది సరుకును మేము సకాలంలో డబ్బు చెల్లించినవారికే ముందుగా పంపుతాము. బాకీ పెట్టినవారికి ఎంత పరిచయం ఉన్నా కష్టమే.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు. ప్లాస్టరింగ్‌కూ ఎం-శాండ్ వాడవచ్చునా? సిమెంట్ ఎన్ని నెలలకు సరిపడా నిల్వ చేయాలి?

జవాబు – స్ట్రక్చరల్ ఇంజినీర్, వరంగల్

కాంక్రీటు ఇసుకతో ప్లాస్టరింగ్ చేయకండి. దానికి వేరే సన్న రకం ఉంటుంది. నది ఇసుక కొద్దిగా ఉంటే దాన్ని ప్లాస్టరింగ్‌కే దాచి, స్లాబులు ఎం-శాండ్‌తో వేయండి. సిమెంట్‌ను మాత్రం నెలల తరబడి పేర్చవద్దు. మూడు నెలలు దాటిన బస్తాను పరీక్షించకుండా వాడకూడదు. గోడకు ఆనించకుండా, చెక్కల మీద, పది బస్తాల ఎత్తు మించకుండా పెట్టి, ముందు వచ్చినది ముందు తీయించండి. బూడిద కలిసిన పీపీసీ రకం సిమెంట్ వాడితే కాంక్రీటును కనీసం 10 రోజులు తడపాలి, సెంట్రింగ్ విప్పే తేదీని కూడా ఆ మేరకు జరపాలి. ఈ మార్పులన్నీ ఇంటి యజమానితో రాసుకునే ఒప్పందంలో ముందే చేర్చండి; వానలు పడుతుండగా ఆయనను ఒప్పించడం కష్టం.