చంద్రగిరి కోటలో ఫోన్ ఏఆర్: రాజమహల్ లేబుల్ రాణీమహల్ మీదికి పోతోంది

కోటవాకిలి:
ఎనిమిదో తరగతి పిల్లలు 40 మంది. పొద్దున చంద్రగిరి కోట, మధ్యాహ్నం తలకోన. ఫోన్ రాజమహల్ వైపు పెడితే పేరు, రెండు ముక్కల చరిత్ర, మూడంతస్తుల బొమ్మ కెమెరా దృశ్యం మీదే రావాలి, అదే ఏఆర్. వెబ్ పేజీలో ఏఆర్ నడిపే ఏఆర్.జేఎస్‌లో లొకేషన్ పద్ధతితో (జీపీఎస్, దిక్సూచి చూసి లేబుల్ పెట్టేది) పేజీ తయారైంది. లేబుల్ మాత్రం ఒక్కో ఫోన్‌లో ఒక్కో చోట కనిపిస్తోంది, నిలకడగా ఉండటం లేదు. పైగా తెలుగు వత్తులన్నీ విడిపోయి పక్కన పడుతున్నాయి. ఫోన్లు ఎక్కువ భాగం పాత ఆండ్రాయిడ్లు, రెండు మూడు ఐఫోన్లు. గూగుల్ జియోస్పేషియల్ ఏపీఐకి మారితే బాగుపడుతుందా? తలకోనలో చెట్లు గుర్తుపట్టేదానికి ఏ యాప్ మేలు?

దిక్సూచి:
మీ కోడ్‌లో తప్పేమీ లేదండి, దూరం దగ్గరే వచ్చింది చిక్కు. జీపీఎస్ 8 మీటర్లు తప్పిందనుకోండి. 15 మీటర్ల దూరంలోని గోడకు అది 28 డిగ్రీల తేడా. నిలువుగా పట్టుకున్న ఫోన్ కెమెరాకు అడ్డంగా కనిపించేదే సుమారు 50 డిగ్రీలు కాబట్టి లేబుల్ సగం తెర అవతలికి పోతుంది. అదే 8 మీటర్లు అర కిలోమీటరు దూరంలోని కొండకు ఒక్క డిగ్రీ కూడా కాదు. అందుకే కొండల పేర్లు చూపే యాప్‌లు, నక్షత్రాల యాప్‌లు బాగా పనిచేస్తాయి, పక్కనున్న కట్టడం దగ్గరికొచ్చేసరికి అదే పద్ధతి చతికిలబడుతుంది.

దిక్సూచి సెన్సర్ తప్పు దీనికి తోడు. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్, ఇనుప కటకటాలు, ఆగి ఉన్న బస్సు, ఏది దగ్గరున్నా 10, 15 డిగ్రీలు తేలిగ్గా తిరిగిపోతుంది. కవర్ తీసి, ఇనుముకు నాలుగడుగులు ఎడంగా నిలబడి, ఫోన్‌ను గాల్లో ఇంగ్లీషు ఎనిమిది ఆకారంలో తిప్పితే కొంత సర్దుకుంటుంది. చవక ఫోన్లు కొన్నిటిలో ఈ సెన్సరే ఉండదు, అవి ఏం చేసినా దిక్కు చూపవు.

జియోస్పేషియల్ ఏపీఐ మీ పనికి కుదరదు. అది వెబ్ పేజీలో నడవదు, యాప్ కట్టాలి. గూగుల్ స్ట్రీట్ వ్యూ బొమ్మలతో కెమెరా దృశ్యాన్ని పోల్చి చోటు పట్టుకుంటుంది. రోడ్డు మీది బొమ్మలుంటే సరిపోదు, పిల్లలు నిలబడే కోట లోపలి పచ్చిక దాకా ఉండాలి. బొమ్మలు లేని చోట తిరిగి జీపీఎస్, దిక్సూచి మీదే ఆధారపడుతుంది, అంటే మొదటికొచ్చినట్టే.

లొకేషన్ వదిలేసి మైండ్ఏఆర్‌తో బొమ్మ గుర్తుపట్టే పద్ధతికి రండి, కెమెరాను కార్డు మీద పెడితే దాని మీదే లేబుల్, నమూనా తేలుతాయి. ఒక్కో చోటికి ఒక్కో కార్డు. కార్డు మీది బొమ్మను వాళ్ల సైట్‌లోని కంపైలర్‌లో వేస్తే డాట్ మైండ్ ఫైలు వస్తుంది. ఐఫోన్ సఫారీలో వెబ్‌ఎక్స్ఆర్ (బ్రౌజర్‌కు సొంతంగా ఉండే ఏఆర్ సదుపాయం) లేదు గానీ ఇది కెమెరా దృశ్యం మీదే నడిచేది కాబట్టి అక్కడా పనిచేస్తుంది. పేజీ మాత్రం హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి, లేకపోతే బ్రౌజర్ కెమెరా ఇవ్వదు.

బొమ్మ ఎంపికలోనే చాలామంది బోల్తా పడతారు. రాజమహల్ ముందు వైపు ఫొటో అచ్చం సరిపోతుందనిపిస్తుంది. కానీ ఒకే రకం కమానులు వరసగా ఉండటం, ఎడమ కుడి ఒకేలా ఉండటం వల్ల ఏ మూల ఏదో ప్రోగ్రామ్‌కు తేలదు. మూల నుంచి ఏటవాలుగా తీసిన ఫొటో, దాని మీద ఒక వైపు నక్షా, ఇంకో వైపు పెద్ద అంకె వేయండి. ఏ5 సైజు, మందపాటి 300 జీఎస్‌ఎం మ్యాట్ కాగితం. నిగనిగలాడే లామినేషన్ వద్దు, ఎండకు మెరిసి కెమెరాకు తెల్లటి మచ్చే కనిపిస్తుంది. త్రీడీ నమూనాను కట్టే త్రిభుజాలు 50 వేలు, టెక్స్చర్ (దాని పైన అతికే బొమ్మ) 1024 పిక్సెళ్లు దాటకుండా, జీఎల్‌బీ ఫైలు 5 ఎంబీ లోపు ఉంచండి.

అక్షరపురుగు:
వత్తుల సంగతి. త్రీడీ వెబ్ పేజీలు కట్టే ఏ-ఫ్రేమ్‌లోని ఏ-టెక్స్ట్ అనే రాత ముక్క ఒక్కో అక్షరం బొమ్మను వరసగా పేర్చడం తప్ప ఏమీ చేయదు. 'రాజ్యం' రాస్తే 'జ' కింద యావత్తు పడదు. ఫాంట్ మార్చినా లాభం లేదు, అక్షరాలు కలిపే పని అక్కడ జరగట్లేదు. బ్రౌజర్‌కు ఆ పని వచ్చు కాబట్టి దానిచేతే చేయించండి: క్యాన్వాస్ (పేజీలో బొమ్మ గీసే చోటు) మీద ఫిల్‌టెక్స్ట్‌తో రాసి దాన్ని టెక్స్చర్‌గా పలక మీద అతికించడం. ఫాంట్ పూర్తిగా లోడయ్యాకే గీయాలి, ముందే గీస్తే ఫోన్‌లో ఉన్న ఏదో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. ఇంత గొడవెందుకు అనుకుంటే పేరు మాత్రం పలక మీద పెట్టి, చరిత్ర తెర కింది భాగంలో మామూలు హెచ్‌టీఎంఎల్‌గా పెట్టండి. ఊగే పలక మీద నాలుగు వాక్యాలు ఏ పిల్లాడూ చదవడు.

ఎర్రమట్టి:
తలకోనకు సీక్ చాలు. మొక్కలు, జంతువుల ఫొటోలు జనం పంచుకునే ఐనాచురలిస్ట్ సైట్ వాళ్లదే, ఖాతా అక్కర్లేదు, నెట్ లేకున్నా గుర్తుపడుతుంది. ఆకు తెర నిండా రావాలి, వెనక మరో చెట్టు ఆకులు కలవకూడదు. యాప్ చెప్పిందే వేదం కాదు. ఎర్రచందనం, వేగిస ఒకే ప్రజాతివి, లేత మొక్కల్లో యాప్ టెరోకార్పస్ అనే ఆ ప్రజాతి పేరు దాకా వచ్చి ఆగిపోవచ్చు. అప్పుడు చేత్తో తేల్చండి: ఎర్రచందనానికి మామూలుగా ఒక ఆకుకు మూడు ఆకురెమ్మలు, వేగిసకు ఐదు నుంచి ఏడు. ముదిరిన ఎర్రచందనం బెరడు నల్లగా, మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది.

ఒక్కటి గట్టిగా చెప్పండి పిల్లలకు. ఎర్రచందనం ఫొటో లొకేషన్‌తో ఎక్కడా పెట్టొద్దు. ఐనాచురలిస్ట్ ముప్పున్న జాతుల చోటును 0.2 డిగ్రీల గడిలో, అంటే 20 కిలోమీటర్ల పైచిలుకు మేర చెదరగొట్టి చూపిస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపిన ఫొటోకు ఆ రక్షణ లేదు, అక్షాంశం రేఖాంశం చెక్కుచెదరకుండా వెళ్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ముందే ఆపేయండి.

పిట్టల కూతకు మెర్లిన్ యాప్ బాగుంటుంది, మన ప్రాంతం పక్షుల ప్యాక్ ఇంట్లో వైఫై మీదే దింపుకోండి. జలపాతం పక్కన మాత్రం పనికిరాదు, నీళ్ల హోరులో కూత మునిగిపోతుంది.

కోటవాకిలి:
అందరికీ థ్యాంక్స్. కార్డులు అక్కడే ఫలకాల పక్కన అంటించొచ్చా? పేజీ తెరిచే క్యూఆర్ కోడ్ ఇన్‌స్టా పేజీలో కూడా పెడదామని ఆలోచన.

దిక్సూచి:
అంటించొద్దు. అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం, కార్డులు పిల్లల చేతుల్లోనే ఉండాలి. మ్యూజియం గదుల్లో కెమెరా తీసే ముందు కౌంటర్లో అడగండి. ఇన్‌స్టా లోపల తెరుచుకునే బ్రౌజర్లో కెమెరా చాలాసార్లు రాదు, క్రోమ్‌లోనో సఫారీలోనో తెరవమని మొదటి తెర మీదే రాయండి. లైబ్రరీ ఫైళ్లు మీ సర్వర్లోనే పెట్టి, ఫైళ్లను ఫోన్‌లో దాచిపెట్టే సర్వీస్ వర్కర్‌తో ముందే ఫోన్‌లోకి దింపించండి. 40 ఫోన్లు ఒకేసారి 5 ఎంబీ ఫైలు లాగితే అక్కడి సిగ్నల్ తట్టుకోదు.

ఎండాకాలమైతే ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది, నమూనా నత్తనడక నడుస్తుంది. ఒక్కో చోట నిమిషానికి మించి కెమెరా తెరవనీయకండి, పవర్‌బ్యాంక్ తగిలించి ఏఆర్ నడపొద్దు. నలుగురికి ఒక ఫోన్ చాలు, మిగతావి తలకోనకు చార్జింగ్‌తో మిగులుతాయి.